మంటలా వెలిగే ఎల్ఈడీ దీపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఎలక్ట్రానిక్స్ రిపేర్లు చేస్తూ, పని తక్కువున్న రోజుల్లో నిప్పు లేకుండా నిజం దీపంలా కనబడే దీపాలు తయారుచేస్తుంటాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, పాలమూరు వైపు నుంచి పాలిటెక్నిక్ పిల్లలు, గుడి కమిటీల వాళ్లు, బాగోతం ఆడేవాళ్లు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒక్కచోట పెట్టాను. సోల్డరింగ్ చేయడం, ఆర్డినో అనే చిన్న ప్రోగ్రాం బోర్డులోకి ప్రోగ్రాం ఎక్కించడం వచ్చినవాళ్లకు లెక్కలన్నీ అందుతాయి. రానివాళ్లు ఆ జవాబులు దాటేసి మిగతావి చదువుకోవచ్చు.

అసలు దీపం ఉండగా ఈ దీపం ఎందుకు?

ముందుగా చెప్పాల్సింది పత్తి గురించి. మన దగ్గర దసరా దాటితే పత్తి ఏరే రోజులు. రేటు పెరుగుతుందని ఆగిన ఇంట్లో పత్తి అర్రలోనో వసారాలోనో మనిషెత్తు కుప్పగా ఉంటుంది. దీపావళి, కార్తీక మాసం సరిగ్గా అప్పుడే వస్తాయి. గడప మీద ప్రమిద, నాలుగడుగుల దూరంలో పత్తి. పిల్లి తగిలినా, గాలికి వత్తి ఎగిరినా ఏడాది కష్టం పోతుంది. అలాంటి ఇంటి గడపకు, పత్తి కుప్ప ఉన్న వసారాకు ఈ దీపం పెట్టండి అని నేను గట్టిగా చెప్తాను.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్న పెద్దవాళ్లున్నా అంతే. ఆక్సిజన్ ఎక్కువున్న చోట చిన్న నిప్పు కూడా వేగంగా అంటుకుంటుంది. బడి స్టేజీ మీద పిల్లలు కాగడాలు పట్టుకోవాల్సి వచ్చినా ఇదే మేలు.

పూజగదిలో నూనె దీపం తీసేసి దీన్ని పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను. పొద్దున ఎదురుగా కూర్చుని నూనె దీపం వెలిగించుకోండి. మీరు లేచి వెళ్లాక రాత్రంతా వెలుగు ఉండాలంటే అప్పుడు దీన్ని వాడండి.

అంగట్లో దొరికే ప్లాస్టిక్ కొవ్వొత్తి చూడగానే నకిలీ అని ఎందుకు తెలిసిపోతుంది?

దాని ఎల్ఈడీ బుడ్డిలోనే ఆవగింజకంటే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. అది సెకనుకు పదిసార్లకు పైగా వెలుగును పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది, ఒక్క క్షణం ఆగదు. నిజం దీపం తలుపేసిన గదిలో చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. మన కన్ను పుట్టినప్పటి నుంచి దీపాన్ని చూసింది కాబట్టి ఆ నిలకడ లేకపోవడాన్ని వెంటనే పట్టేస్తుంది.

రెండో లోపం, వెలుగు హెచ్చుతగ్గులవుతుంది కానీ పుట్టే చోటు కదలదు. అందుకని గోడ మీద నీడలు బిగుసుకుపోయి ఉంటాయి. నా ఉద్దేశంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే, దీనికి కింద విడిగా జవాబు రాశాను. మూడోది రంగు: మంట అనగానే నారింజ రంగు వేసేస్తారు.

నిజం మంట ఎట్లా కదులుతుంది?

వత్తి దగ్గర నూనె ఆవిరై మండుతుంది. ఆ వేడి వాయువు తేలికై పైకి లేస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి గాలి పక్కల నుంచి లోపలికి వస్తుంది. ఈ రెండూ ఒరుసుకునే చోట చిన్న సుడులు పుట్టి మంట నడుమును నొక్కుతూ పైకి పోతాయి. మంట ఊగిసలాడటం మొదలైతే ఆ ఊగు చిన్న మంటకు సెకనుకు సుమారు పదిసార్లు ఉంటుంది. మంట వెడల్పు పెరిగేకొద్దీ ఊగు నెమ్మదిస్తుంది. ఇంజినీర్లు వాడే లెక్క సులువైనదే: 1.5ను, మీటర్లలో కొలిచిన మంట అడుగు వెడల్పు వర్గమూలంతో భాగించాలి. రెండు సెంటీమీటర్ల మంటకు సెకనుకు పదిన్నర సార్లు వస్తుంది. ఒక మీటరు వెడల్పున్న మంటకు ఒకటిన్నరసారే. పీర్ల పండుగకు అలావా గుండంలో మంట నెమ్మదిగా, బరువుగా లేచి పడటానికి, ప్రమిదలో మంట గజగజలాడటానికి తేడా ఇక్కడుంది. గుండం మంటను చూపించాలనుకుని ప్రమిద వేగం పెడితే ఎన్ని లైట్లు పెట్టినా బొమ్మలాగే ఉంటుంది.

పని మొదలుపెట్టేముందు రాత్రి లైట్లు తీసేసి, తలుపులు మూసి, ఒక ప్రమిద ముందు పావుగంట కూర్చోండి. తర్వాత తలుపు ఒక్కసారి తెరవండి. మంట చటుక్కున వంగుతుంది, పొట్టిదవుతుంది, ఒక్క క్షణం మొదట్లో నీలం తేలుతుంది. మళ్లీ లేచేటప్పుడు మునుపటికంటే కాస్త పొడవుగా సాగి, రెండు మూడుసార్లు వణికి, అప్పుడు కుదురుకుంటుంది. ఈ వరస మనసుకెక్కితే ప్రోగ్రాం సగం రాసినట్లే.

దాన్ని ప్రోగ్రాంలో ఎట్లా రాయాలి?

కేవలం ర్యాండమ్ అంకెలు తీసుకుని ఎల్ఈడీకి పంపకండి. అది మంటలా ఉండదు, లూజు కనెక్షన్ ఉన్న బల్బులా ఉంటుంది. నేను మూడు పొరలుగా రాస్తాను.

మొదటి పొర నెమ్మది కదలిక. రెండు మూడు సెకన్లకు ఒకసారి ఒక కొత్త గమ్యం ఎంచుకోవాలి, పూర్తి వెలుగులో 85 నుంచి 100 శాతం మధ్యలో. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి, ఇప్పుడున్న విలువకూ గమ్యానికీ మధ్య తేడాలో ఒక చిన్న భాగం, 32వ వంతు అనుకోండి, జరగాలి. అప్పుడు ఎక్కడా కుదుపు ఉండదు.

రెండోది వణుకు. ఇది సెకనుకు పదిసార్ల దరిదాపుల్లో, చాలా తక్కువ లోతుతో ఉండాలి, అదీ ఎప్పుడూ కాదు. ఒకసారి మొదలై సెకనులోపే అణగిపోవాలి.

మూడోది గాలి తెమ్మెర. పది, ఇరవై, నలభై సెకన్లకు ఒకసారి, ఎప్పుడొస్తుందో తెలియకుండా రావాలి. వెలుగు 40 శాతానికి వేగంగా పడి, కాస్త నెమ్మదిగా లేచి, లేచాక రెండో పొర వణుకును తనే మొదలుపెట్టాలి. పై ప్రశ్నలో తలుపు తెరిచినప్పుడు చూసింది ఇదే.

చిప్పులో చోటుంటే మొదటి పొరకు పెర్లిన్ నాయిస్ వాడుకోవచ్చు. కెన్ పెర్లిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980లలో కంప్యూటర్ బొమ్మల్లో మేఘాలు, పాలరాయి, పొగ సహజంగా కనబడటానికి తయారుచేసిన లెక్క ఇది. దీనికే 1997లో ఆయనకు ఆస్కార్ సాంకేతిక పురస్కారం ఇచ్చారు. పక్కపక్క అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, అయినా ముందేమొస్తుందో ఊహకందదు. మంటకు కావలసింది అదే.

ఇంకొక లెక్క తప్పనిసరి. చిప్పు వెలుగును 0 నుంచి 255 దాకా అంకెల్లో తీసుకుంటుంది. 255కు 128 ఇస్తే ఎల్ఈడీ సగం వెలుగే ఇస్తుంది, కానీ కంటికి అది ముప్పావు దగ్గరగా కనబడుతుంది. కంటికి సగం అనిపించాలంటే 55 దగ్గర ఇవ్వాలి. దీన్ని గామా సవరణ అంటారు: విలువను 255తో భాగించి, 2.2వ ఘాతానికి పెంచి, మళ్లీ 255తో గుణించాలి. చిప్పు మీద ప్రతిసారీ లెక్క కట్టకుండా 256 అంకెల పట్టిక ముందే పెట్టేసుకోండి. ఈ సవరణ లేని దీపంలో పైభాగమంతా ఒకేలా ఉండి, చివర్లో చటుక్కున చీకటైనట్టు ఉంటుంది.

నీడలు కదలడం అంత ముఖ్యమా?

ముఖ్యమే. గదిలో కూర్చున్నవాళ్లు దీపాన్ని నేరుగా చూసే సమయం తక్కువ. వాళ్ల చూపు గోడ మీద, ఎదుటివాళ్ల ముఖం మీద ఉంటుంది.

మా నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల నాటి గుడి. గర్భగుడిలో లింగం వెనుక స్తంభంలాంటి నీడ పగలంతా ఒకేచోట నిలబడి ఉంటుంది, బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయినా అది జరగదు. ఆ నీడను చూడటానికి జనం దూరాల నుంచి వస్తారు. కదిలే వెలుగు కింద కదలని నీడ వింత కాబట్టే కదా వస్తారు. నీడ వెలుగుతోపాటు కదలాలని మన కన్ను ఎంతగా ఎదురుచూస్తుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

దీపంలో ఈ కదలిక తేవడం ఖరీదైన పనేం కాదు. ఒక్క ఎల్ఈడీ బదులు మూడు పెట్టండి, ఒక్కోదాని మధ్య ఐదారు మిల్లీమీటర్లు, త్రికోణంగా. మూడింటి మొత్తం వెలుగు దాదాపు ఒకేలా ఉంచి, ఆ మొత్తాన్ని ఒకదాని నుంచి ఇంకొకదానికి నెమ్మదిగా జరపండి. వెలుగు పుట్టే చోటు 6 మిల్లీమీటర్లు జరిగిందనుకోండి. దీపానికి 10 సెంటీమీటర్ల దూరంలో జాలీ కడ్డీ, మీటరు దూరంలో గోడ ఉంటే, ఆ కడ్డీ నీడ గోడ మీద 5 సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. అంత చిన్న జరుగుడుకు గది మొత్తం ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. ఎనిమిది ఎల్ఈడీలతో ఊరికే మినుకుమినుకుమనే దీపం కంటే ఇట్లా జరిగే మూడు ఎల్ఈడీల దీపం నాకు ఎన్నో రెట్లు ఇష్టం.

పాత ఇళ్లల్లో గోడకు దీపపు గూడు ఉంటుంది. అందులో పెడితే గూడు అంచుల నీడలు ఇంకా బాగా పలుకుతాయి.

రంగు ఏది పెట్టాలి?

వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. కొవ్వొత్తి, నూనె దీపం వెలుగు సుమారు 1,900 కెల్విన్ దగ్గర ఉంటుంది. మంటలో మసి రేణువులు కాగి ఇచ్చే పసుపు అది. ఇళ్లల్లో వాడే వార్మ్ వైట్ బల్బు 2,700, దీపం పక్కన పెడితే తెల్లగా పాలిపోయినట్టు కనబడుతుంది. 1,800 నుంచి 2,200 మధ్య ఉన్న ఎల్ఈడీ దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే రెండు వార్మ్ వైట్, ఒక అంబర్ కలపండి.

మూడు రంగులు కలిసిన డబ్ల్యూఎస్2812బి ఎల్ఈడీలు వాడేవాళ్లకు: కొవ్వొత్తి రంగు అని కంప్యూటర్ లెక్కల్లో 255, 147, 41 అని కనబడుతుంది. దాన్ని నేరుగా పంపితే దీపం పాలిపోతుంది. గామా సవరణ చేస్తే 255, 76, 5 దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి మీ కంటితో సరిచూసుకోండి. వెలుగు తగ్గినప్పుడు ఆకుపచ్చను ఇంకాస్త ఎక్కువ తగ్గిస్తే మంట ఎర్రబారినట్టుంటుంది. మంట మొదట్లో నీలం ఒక సన్నటి గీత మాత్రమే. అది లేకపోయినా ఫర్వాలేదు కానీ ఎక్కువైతే దీపం గ్యాస్ స్టవ్ అయిపోతుంది.

ఏ చిప్పు, ఏ సామాను కావాలి? ఎక్కడ దొరుకుతాయి?

ఒక్క ప్రమిదకు ఏటీటైనీ85 చాలు. ఎనిమిది కాళ్లు, 8 కిలోబైట్ల ప్రోగ్రాం చోటు, 2.7 నుంచి 5.5 వోల్టుల దాకా పనిచేస్తుంది. నేర్చుకునేటప్పుడు ఆర్డినో నానో మీద చేసి, కుదిరాక దీంట్లోకి మార్చండి. ప్రతి ఎల్ఈడీకి విడిగా రెసిస్టర్ ఉండాలి: 5 వోల్టులకు, 2 వోల్టులు తీసుకునే అంబర్ ఎల్ఈడీకి 220 ఓమ్‌లు వేస్తే 13 మిల్లీ ఆంపుల పైచిలుకు పోతుంది, ప్రమిదకు ఆ వెలుగు సరిపోయి మిగులుతుంది.

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోతే ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి. ఎల్ఈడీలు కొనేటప్పుడు అన్నీ ఒకే ప్యాకెట్‌లోవి తీసుకోండి. వేరువేరు ప్యాకెట్ల పసుపులు కలవవు.

మంట ఆకారం, పై గుల్ల ఎట్లా?

ఎల్ఈడీ చుక్క కంటికి కనబడిందంటే కథ అయిపోయినట్టే. ముందు దాని గుండ్రటి తలను సన్నటి ఉప్పుకాగితంతో గరుకు చేయండి, వెలుగు అన్ని వైపులా పోతుంది. దాని మీద మంట ఆకారంలో పాలరంగు అక్రిలిక్కో, రెండు పొరల బటర్ పేపరో పెట్టాలి. గుల్లకూ ఎల్ఈడీకీ మధ్య కనీసం సెంటీమీటరు ఖాళీ ఉంచండి.

మంటకు గీసినట్టు అంచు ఉండకూడదు. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ చీరల్లో ఒక రంగు ఇంకో రంగులోకి పాకే చోట అంచు ఎట్లా చెదిరి ఉంటుందో అట్లా ఉండాలి. దీనికోసం గుల్ల కొస వైపు లోపల ఎక్కువ గీకి, అడుగు వైపు తక్కువ గీకండి.

రేకు ఊగుతూ నిజం మంటలా ఆడే కొవ్వొత్తులు చూశాం. అవి ఎట్లా పనిచేస్తాయి?

మంట ఆకారంలో కోసిన పలుచటి ప్లాస్టిక్ రేకును సన్నటి తీగకు వేలాడదీస్తారు. రేకు కింది కొసకు చిన్న అయస్కాంతం, దాని కింద రాగి తీగ చుట్ట. చుట్టలోకి ఆగి ఆగి కరెంటు పంపితే అయస్కాంతం తోసుకుని రేకు ఊగుతుంది. పక్క నుంచి ఒక ఎల్ఈడీని దాని వెలుగు ఆ రేకు మీదే పడేలా వంచి పెడతారు. డిస్నీ సంస్థ వాళ్లు దీన్ని రూపొందించి 2010లో అమెరికాలో పేటెంట్ పొందారు. దూరం నుంచి చూడటానికి దీన్ని మించింది లేదు. అయితే వెలుగు రేకు మీద పడేదే తప్ప చుట్టూ పరుచుకునేది కాదు, గదికి వెలుతురు ఇవ్వదు. ఇంట్లో చదువుకోసం ఒకటి చేసుకోండి. అమ్మకానికైతే పేటెంట్ సంగతి తెలుసుకుని దిగండి.

బాగోతానికి, బడి నాటకానికి కాగడా కావాలి.

అడుగు పొడవు పీవీసీ గొట్టానికి డబ్ల్యూఎస్2812బి పట్టీని కింది నుంచి పైకి చుట్టండి. దీనికి ఆర్డినోలో ఇలాంటి ఎల్ఈడీలను నడిపే ఫాస్ట్‌ఎల్ఈడీ లైబ్రరీలో మార్క్ క్రీగ్స్‌మన్ రాసిన ఫైర్2012 అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. ప్రతి ఎల్ఈడీకి ఒక వేడి విలువ ఉంటుంది. ప్రతి విడతలో అన్నీ కొంచెం చల్లారతాయి, వేడి పైకి జరుగుతుంది, అడుగున అప్పుడప్పుడు కొత్త నిప్పురవ్వ పడుతుంది. వేడిని నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు వరసలో రంగుగా మారుస్తారు. అందులో పట్టీ నిటారుగా ఉందనే లెక్క ఉంటుంది. చుట్టి వాడేటప్పుడు ఒక్కో చుట్టును ఒక్కో అంతస్తుగా లెక్క మార్చాలి.

కరెంటు జాగ్రత్త. ఒక్కో ఎల్ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపుల దాకా లాగుతుంది, 60 ఎల్ఈడీలైతే 3.6 ఆంపులు. లైబ్రరీలోనే పరిమితి పెట్టే సౌకర్యం ఉంది, దాన్ని 1.5 ఆంపులకు కట్టేసి పవర్ బ్యాంక్‌తో నడపండి. సప్లై దగ్గర 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్, డేటా తీగలో 330 ఓమ్‌ల రెసిస్టర్ మరవద్దు.

స్టేజీ మీద పెద్ద మంటే కావాలంటే ఇదంతా వద్దు. పలుచటి సిల్కు గుడ్డ ముక్కలు, కింద టేబుల్ ఫ్యాన్, అంబర్ లైటు చాలు.

నీటి ఆవిరితో మంట చూపించే దీపం చేయొచ్చా?

చేయొచ్చు. కరెంటు ఇస్తే చాలా వేగంగా కంపించే చిన్న పియెజో బిళ్ల నీటిని సన్నటి పొగమంచుగా చేస్తుంది, కింద నుంచి నారింజ వెలుగు వేస్తే మంట లేచినట్టే ఉంటుంది. కానీ మన జిల్లా బోరు నీళ్లు అసలు పోయకండి. నీటిలోని లవణాలన్నీ ఆ మంచుతోపాటు లేచి బల్లల మీద తెల్లటి పొడిగా పడతాయి, బిళ్లా పాడవుతుంది. ఆ పొడి మన ఊపిరిలోకీ పోతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరే పోయాలి.

కార్తీక మాసమంతా సెల్లు మార్చకుండా వెలగాలి. అవుతుందా?

రోజుకు మూడు గంటలు, ముప్పై రోజులు, మొత్తం 90 గంటలు. దీపం సగటున 15 మిల్లీ ఆంపులు తీసుకుంటే 1,350 మిల్లీ ఆంప్ అవర్లు. మంచి ఆల్కలైన్ ఏఏ సెల్లు 2,000 దాకా ఇస్తుంది కాబట్టి మూడు సెల్లులతో నెల గడుస్తుంది. బిళ్ల సెల్లు సీఆర్2032లో ఉండేదే 220 దగ్గర, మూడు నాలుగు సాయంత్రాలకు నీరసిస్తుంది.

బోనం మీద పెట్టొచ్చా?

అమ్మవారికి ఎత్తే బోనం మీద నూనె దీపమే ఉండనివ్వండి. అది మొక్కు, అందులో నేను వేలు పెట్టను. బడి వార్షికోత్సవంలో చిన్నపిల్లలు బోనాల ఆట ఆడేటప్పుడు మాత్రం తప్పకుండా ఇదే పెట్టండి. తల మీద మంట, కింద జారే జుట్టు, పక్కన ఇంకో పిల్ల చున్నీ, అంత ధైర్యం చేయాల్సిన పని లేదు.

వాడపల్లిలోనో బీచుపల్లిలోనో కృష్ణలో వదలొచ్చా?

వద్దు. అరటి దొప్పలో వత్తి వదిలితే అది నీటిలో కలిసిపోతుంది. సెల్లు, ప్లాస్టిక్కు, సీసం ఉన్న సోల్డర్ కలవవు, నీటిలోనే ఉంటాయి. చెరువుల్లోనూ అంతే.

ఊదితే ఆరిపోయేలా చేయాలా?

మైక్ పెట్టి చేయొచ్చు, ఊపిరి శబ్దంలో దిగువ స్వరం పావు సెకను ఆగకుండా ఉంటే ఆర్పాలి. కానీ మనవాళ్లు దీపాన్ని నోటితో ఊదరు, కొండెక్కిస్తారు. అందుకని నేను ప్రమిద అడుగున, అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే రీడ్ స్విచ్ పెట్టి, పీట మీద అయస్కాంతం పెడతాను. పీట మీద ఉంచితే వెలుగుతుంది, తీస్తే కొండెక్కుతుంది.

వెలిగేటప్పుడు, ఆరేటప్పుడు ఏం జరుగుతుందో శ్రద్ధగా చేయండి. వెలిగేటప్పుడు చిన్నగా మొదలై రెండు సెకన్లలో ఎదగాలి. ఆరాక వత్తి కొస ఎర్రగా నాలుగైదు సెకన్లు మిగలాలి. ఒక చిన్న ఎర్ర ఎల్ఈడీతో అయిపోతుంది. చూసినవాళ్లు మొట్టమొదట మెచ్చుకునేది దీన్నే.

ఫోన్‌లో వీడియో తీస్తే అడ్డగీతలు వస్తున్నాయి.

వెలుగు తగ్గించడానికి చిప్పు ఎల్ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తుంది. ఆర్డినోలో అది మామూలుగా సెకనుకు 490 సార్లు. కెమెరా ఆ చీకట్లను పట్టేస్తుంది. టైమర్ సెట్టింగ్ మార్చి కొన్ని వేలసార్లకు పెంచండి, గీతలు చాలావరకు పోతాయి.

మూర్ఛ ఉన్నవాళ్ల ముందు పెట్టొచ్చా?

వెలుగు మినుకుకు కొందరికి మూర్ఛ వస్తుంది. సెకనుకు 3 నుంచి 30 సార్ల మధ్య కొట్టుకునే బలమైన వెలుగు వాళ్లకు ప్రమాదం. మన వణుకు పొర పదిసార్ల దగ్గరే ఉంటుంది కాబట్టి దాని లోతు పది శాతం దాటనివ్వకండి. అలాంటి మనిషి ఇంట్లో ఉన్నారని తెలిస్తే ఆ పొర పూర్తిగా తీసేసి, నెమ్మది కదలిక, నీడల జరుగుడు మాత్రమే ఉంచండి. దీపం అందం పెద్దగా తగ్గదు.

చిన్నపిల్లలున్న ఇంటికి, ఎండాకాలానికి జాగ్రత్తలేంటి?

బిళ్ల సెల్లు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరలను కాల్చేస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకే పిల్లలున్న ఇంటికి నేను బిళ్ల సెల్లు దీపం ఇవ్వను. ఏఏ సెల్లులైనా మూతకు స్క్రూ ఉండాల్సిందే.

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలకు పోతుంది. రేకుల ఇంట్లో, కిటికీ పక్కన ఇంకా ఎక్కువ. మైనం గుల్లలు మెత్తబడి వంగుతాయి, గన్‌తో పెట్టిన జిగురు పట్టు వదులుతుంది. లోపలి భాగాలను జిగురుతో కాకుండా స్క్రూలతో బిగించండి. ఉగాది దాటగానే సెల్లులు తీసి డబ్బాలో విడిగా పెట్టండి, దసరాకు మళ్లీ వేసుకోవచ్చు.